పుంటికూర లేదన్న ఫోను

‘లేదు’ అనే మాటకీ ‘నాకు తెలీదు’ అనే మాటకీ మధ్య దూరం ఎంతో మనం సాధారణంగా ఆలోచించం. డబ్బు పెట్టెలో ఉంచుకుని లేదనడం అబద్ధమని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాని దుకాణంలో సరుకు ఉండి, ఆ సరుకు పేరు తనకి అర్థం కాక ‘లేదు’ అన్నవాడు అబద్ధమాడినట్టా, ఆడనట్టా? ఆ మాట అన్నది మనిషి కాక ఫోను అయితే? ఈ చిక్కు మా వీధికి ఒక ఆకుకూర రూపంలో వచ్చింది.

పుంటికూర అంటే గోంగూర. ఇటువైపు వాళ్లకి చెప్పనక్కరలేదు, అటువైపు చదువరుల కోసం చెబుతున్నాను. మా పక్కింటావిడకి మోకాళ్ల నొప్పులు. కుమార్‌పల్లి మార్కెట్టు దాకా నడిచి వెళ్లి, సంచీ మోసుకుని వచ్చి, మెట్లెక్కడం ఇక ఆవిడ వల్ల కాదు. కొడుకు ఒక ఫోను కొనిపెట్టి, సరుకులు ఇంటికి తెప్పించుకోవడం నేర్పి తన ఉద్యోగానికి వెళ్లిపోయాడు. చదువు అంతంత మాత్రం కాబట్టి నోటితో చెబుతుంది, ఫోను వింటుంది. ఆవిడ ‘పుంటికూర’ అంది. ఫలితాలేవీ లేవంది ఫోను. గోకరకాయ అంది. లేవంది. బబ్బెర్లు అంది. అవీ లేవు. ఉల్లిగడ్డ మాత్రం దొరికింది, దానికి పాస్ మార్కులు పడినట్టున్నాయి. పాపం, రెండు రోజుల పాటు ఊళ్లో పుంటికూరకి కరువొచ్చిందనుకుంది ఆవిడ. మూడోరోజు మనవరాలు వచ్చి ‘గోంగూర అను అమ్మమ్మా’ అంది. అనగానే పచ్చటి కట్టలు తెర నిండా వచ్చి కూర్చున్నాయి.

ఇది వింటే నవ్వొస్తుంది. నేనూ నవ్వాను. నవ్వు ఆగిన తరువాత మాత్రం నాకు ఒక ప్రశ్న మిగిలింది. మార్కెట్టులో కూరలమ్మే మనిషికి మీరు ఎన్నడూ వినని పేరు చెప్పి చూడండి. ‘ఏందమ్మా అది? ఎట్లుంటది?’ అని అడుగుతుంది. తెలియనితనం ఆవిడది, మన వస్తువుది కాదు. ఆ ఫోను మాత్రం తన తెలియనితనాన్ని తీసుకెళ్లి వస్తువు మీద పెట్టింది. ఉన్నదాన్ని లేదంది. అబద్ధమాడినవాడు ఎవడూ లేకుండానే అబద్ధం ఒకటి పుట్టింది.

మా అక్కయ్య కొడుకు హైదరాబాదులో ఇలాంటివి తయారుచేసే ఉద్యోగమే చేస్తాడు. వాడు చెప్పిన సంగతి ఇది. మన నోటిమాట రెండు జల్లెళ్లు దాటాలట. మొదటి జల్లెడ మాటను అక్షరాలుగా మారుస్తుంది. అది వేలాది మంది మాట్లాడింది విని, కుప్పలు కుప్పలుగా ఉన్న రాతని చదివి నేర్చుకున్నది. రాతలో ఎక్కువగా కనపడే మాటని తేలిగ్గా పట్టుకుంటుంది, కనపడని మాటని దగ్గరగా వినిపించే ఇంకో మాటగా మార్చేస్తుంది. రెండో జల్లెడ సరుకుల జాబితా. ఒక్కో సరుకుకి ఎన్ని పేర్లు రాసిపెడితే అన్నింటికే అది పలుకుతుంది. ఆ పేర్లు రాసినవాడు ఎక్కడో కూచుని తనకి తెలిసిన నాలుగు రాస్తాడు. ‘ఇందులో కుట్రేం లేదు చిన్నమ్మా. ఎక్కువ మంది ఏమంటారో అదే పెడతాం. ప్రతి జిల్లా మాటా పెట్టుకుంటూ పోతే యాడ ఆగుతం చెప్పు?’ అన్నాడు.

వాడి మాట తీసిపారేసేది కాదు. పరకాలలో ఒక మాట, నర్సంపేటలో ఒక మాట. ఊరి పేరుకే దిక్కులేదు మనకి. హన్మకొండ, హనమకొండ, హనుమకొండ అని మూడు రకాలుగా రాసుకుంటూ వచ్చాం. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయ్యాక కూడా, చిరునామా నింపేచోట ఏది నొక్కాలో తెలియక పెన్షనర్లు తికమకపడటం నేను చూశాను. ఒక మాటకి ఒకే రూపం ఉండాలని యంత్రం చేసేవాడు కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు లెక్చరరుగా రిటైరయిన నా స్నేహితురాలు ఇంకా గట్టిగా వాదించింది. ‘ప్రమాణ భాష అంటూ ఒకటి లేకపోతే శ్రీకాకుళంలో నీ నవల ఎవరు చదువుతారు?’ అంది. నిజమే, చదవలేరు. కాని ఆ ప్రమాణం ఎలా తయారయిందో ఆవిడకి నాకంటే బాగా తెలుసు. గిడుగు రామమూర్తి గారు గ్రాంథికం మీద జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం గెలిచిన తరువాత పత్రికలకెక్కింది ముఖ్యంగా కృష్ణా గోదావరీ తీరాల చదువుకున్నవాళ్ల పలుకు. మా కాళోజీ నారాయణరావు గారు దాన్నే కదా బతికినన్నాళ్లూ నిలదీసింది! 2014 నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 2024లో ఆయన పేరిట హనుమకొండలో కళాక్షేత్రం కూడా తెరిచారు. భవనం బాగుంది. అందులో కూచుని పుంటికూర తెప్పించుకోవాలంటే మళ్లీ గోంగూర అనాలి, అంతే.

నవలలు రాసేవాళ్లు ఈ తగాదాకి ఎప్పుడో ఒక రాజీ కుదుర్చుకున్నారు. నవల రెండు గదుల ఇల్లు. కథ చెప్పే గదిలో అందరికీ తెలిసిన తెలుగు, పాత్రలు మాట్లాడుకునే గదిలో ఎవరి తెలుగు వాళ్లది. మొదటి గదిలో ‘గోంగూర’ అని రాసినా, రెండో గదిలో అత్తగారు ‘పుంటికూర తెంపుకరా’ అంటుంది. పాఠకుడు రెండు గదుల్లోనూ తిరుగుతాడు, అతనికి అడ్డేమీ లేదు. ఈ రాజీ న్యాయమైనదని నేననను. మొదటి గదికి ఎప్పుడూ పెద్దరికమే. కాని రెండో గది అంటూ ఒకటి ఉంది. ఫోనుకి ఉన్నది ఒకటే గది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకట రామారావు గారనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో ఉన్నవాళ్లు గేలిచేసి కూచోబెట్టారు. నిజాం రాజ్యంలో సగానికి సగం మంది మాట్లాడే భాష అది. ఆ అవమానం భరించలేకనే ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్న మాటకి జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు మూడు వందల యాభై మందికి పైగా కవుల్ని గోలకొండ కవుల సంచికలో ఎక్కించారు. ‘లేరు’ అన్నవాడికి అంత లావు పుస్తకం జవాబు!

గమనించండి, అప్పుడు అన్నవాడు ఒకడున్నాడు. గేలిచేసిన నోళ్లున్నాయి. కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా ఒక ముఖం ఉంది. మా పక్కింటావిడని ఎవరు గేలిచేశారు? ఎవరూ లేదు. ఆ ఫోను మర్యాదగానే మాట్లాడింది, దయచేసి మళ్లీ ప్రయత్నించండి అని కూడా అంది. దాని మీద సంఘం పెట్టేదెవరు? పద్యాలు రాసేదెవరు? తప్పు తనదేనేమో, తన పలుకే సరిగా లేదేమో అని ఆవిడ అనుకుని, గొంతు సవరించుకుని మళ్లీ చెప్పింది. నాకు కష్టం కలిగించింది అదీ.

యంత్రం పూర్తిగా పాడైతే నయం అనిపిస్తుంది ఒక్కోసారి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరాల గుంపు ఆపిల్ కంపెనీ ఫోన్లని కూలదోసింది, మీకు గుర్తుండే ఉంటుంది. జ్ఞానంలోని ‘జ్ఞా’. ఆ గుంపు ఒక ప్రత్యేకమైన పద్ధతిలో ఉన్న సందేశం వస్తే, దాన్ని చూపించబోయి మెసేజీల కిటికీ మూతపడేది. ప్రపంచమంతా గగ్గోలెత్తింది, కంపెనీ కొద్ది రోజుల్లోనే సరిచేసి పంపింది. జ్ఞా ఫోనుని కూల్చింది కాబట్టి దాని గోడు విన్నారు. పుంటికూర ఏమీ కూల్చదు. ఊరికే ఫలితం లేకుండా పోతుంది.

డబ్బు తెచ్చే పేరయితే వేరే సంగతి. కొత్తవాడలో నేసే వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎనుమాముల మార్కెట్టుకొచ్చే చపాటా మిర్చికి, అదే గుండ్రంగా ఉంటుందని టమాటా మిర్చి అంటారే దానికి, 2025లో వచ్చింది. ఇకమీదట ఆ పేరు ఇంకెవరూ ఇష్టమొచ్చినట్టు పెట్టుకుని అమ్ముకోవడానికి లేదు. సంతోషమే. నేతగాడికీ రైతుకీ నాలుగు డబ్బులొస్తే అంతకంటే కావలసిందేముంది? కాకపోతే పేరుకి చట్టం కాపలా కాసేది దానికి అంగడిలో వెల ఉన్నప్పుడే. ఏ పెరట్లోనైనా మొలిచే ఆకుకి కాపలా ఎందుకు కాస్తారు?

ఇంత ఆలోచించుకుని మా పక్కింటావిడ దగ్గరికెళ్లి నా బాధ చెప్పుకున్నాను. ఆవిడ కూర తెంపుతూ విని, ‘పేరేదైతేందక్కా, కూర వచ్చింది గద. ఎండల పోవుడు తప్పింది’ అంది. అన్ని వాదాలకంటే ఇది బరువైనది. మోకాళ్లు నావి కావు. నాకు బాగా నచ్చిన ఒక మాటని కాపాడటానికి ఆవిడ ఎండలో నడవాలని కోరడానికి నేనెవరిని? పైగా మాటలు పోవడం కొత్తా? చారాణా, బారాణా మా అమ్మమ్మతోనే పోయాయి, నేను ఒక్క కన్నీటిబొట్టు కార్చలేదు. నాణేలు మారాయి, మాటలు వెళ్లిపోయాయి.

అయినా రెండూ ఒకటి కావనే నాకు అనిపిస్తుంది. చారాణా మనుషులు మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ వదిలేసిన మాట. వదిలేసినవాళ్లకి ఆ సంగతి తెలుసు. పుంటికూర అలా కాదు. వాడుకలో ఉంది, పెరట్లో ఉంది, కంచంలో ఉంది. అది లేదని ఒకరికి చెప్పారు, వాళ్లు నమ్మారు. మొన్న ఆ మనవరాలు నన్ను అడిగింది కూడా, ‘పుంటికూర అనుడు తప్పా?’ అని. పదేళ్ల పిల్లకి ఆ అనుమానం ఇంట్లోంచి రాలేదు, బళ్లోంచీ రాలేదు.

మా అబ్బాయితో మళ్లీ పోట్లాడాను. ప్రతి జిల్లా మాటా పెట్టమని అడగడం లేదురా, ‘లేదు’ అనకుండా ‘నాకు అర్థం కాలేదు, మీరు దాన్ని ఇంకేమంటారు?’ అని అడిగేట్టు చేయలేరా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. చేయొచ్చన్నాడు. అసలు దొరకని మాటలన్నీ ఒకచోట నమోదవుతూనే ఉంటాయట. చూసే తీరిక ఎవరికీ లేదట. ఆ జాబితా ఎంత పొడుగుందిరా అంటే నవ్వేసి, ‘నువ్వే ఒకటి రాసి పంపరాదు చిన్నమ్మా, పై వాళ్లకి చూపిస్తా’ అన్నాడు.

రాయడం మొదలుపెట్టాను. పుంటికూర, గోకరకాయ, బబ్బెర్లు, మక్కలు, ఆలుగడ్డ, ఎల్లిగడ్డ. నలభై దాకా తేలిగ్గానే వచ్చాయి. టమాటా దగ్గర ఆగిపోయాం. రామములక్కాయ అని నేను రాశాను. రాములక్కాయ అనే అంటారని పనిమనిషి పట్టుబట్టింది. లెక్చరరు స్నేహితురాలు కళ్లజోడు సవరించుకుని, రెండూ తప్పే, ‘రామములగకాయ’ అని రాయాలంది. ఏది రాయాలో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి మూడూ రాసి ఉంచాను.