జీర్ణోద్ధరణమా? విసర్జనమా?

జీర్ణమైనదానిని ఉద్ధరించుట పుణ్యమని పెద్దలందురు. కాని ఉద్ధరింపదగినదేదో ఎఱుగుటయు ధర్మమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగినవి. గోస్తనీ తీరమున తణుకులో నుండు మాబోటివారికిని వరదభయము తెలిసినదే. మునిగిన కారును బాగుచేయింపవలెనా, విడిభాగములుగా అమ్మవలెనా?

ఆగమశాస్త్రము విగ్రహమునకు ఉపాంగము భిన్నమైనచో సంధానము చేయుమనును. ప్రధానాంగమే భిన్నమైనచో నూతన బింబమును ప్రతిష్ఠింపుమనును. ఇచ్చటను ఆ వివేకమే తగును. నీరు చక్రములవఱకే వచ్చినచో మరమ్మతు చాలును. డాష్‌బోర్డు మునిగినచో లోపలి విద్యుత్తు తీగల కొనలు మెల్లగా చిలుమెక్కును. ప్రమాదవేళ ఎయిర్‌బ్యాగులు విచ్చుకొనకపోవచ్చును.

అట్టి బండికి మెఱుగులు దిద్ది, మునిగిన సంగతి దాచి అమ్ముట అసత్యమే కాదు, హింస. కొన్నవాని బిడ్డలు అందు కూర్చుందురు కదా! చెడని తలుపులు, అద్దములు వేఱొక బండికి ఉపకరించును. బండి శాశ్వతముగా పనికిరానిదైనచో ఆ సంగతి రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించుచున్నది.

నాయనగారు కొన్న బండి యను మమకారము సహజమే. గీతాచార్యుడు దేహమునే జీర్ణవస్త్రముతో పోల్చెను గదా! మన మమకారమునకు పరుల ప్రాణములు మూల్యము కారాదు.