లాక్ చెయ్యని జవాబు

‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ 2014లో నాగార్జునతో మొదలైంది. 2021లో జూనియర్ ఎన్టీఆర్ అదే ఆటని ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ పేరుతో నడిపినప్పుడు, ఒక పోలీస్ ఎస్సై కోటి గెలిచాడు. అందరికీ గుర్తున్నది ఆ కోటే. నాకు మాత్రం మధ్యలో ఆపేసి లేచి వెళ్లేవాళ్ల మీదే ఆసక్తి.

జవాబు తెలియకపోతే అప్పటిదాకా గెలిచింది తీసుకుని వెళ్లిపోవచ్చు. తప్పు చెప్తే కిందికి జారిపోతారు. అంటే ‘నాకు తెలీదు’ అన్న మాటకి ఇక్కడ విలువ ఉంది.

మన చదువులు ఇందుకు తలకిందులు. ఇప్పుడు ఈఏపీసెట్‌గా మారిన ఎంసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. రామంతాపూర్‌లోనో తార్నాకలోనో కోచింగ్‌కి వెళ్లే ఏ పిల్లాణ్ణి అడిగినా, ఒక్క ప్రశ్న కూడా వదలకూడదనే చెప్తాడు. లెక్క ప్రకారం కరెక్టే. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెట్టినా 25 శాతం అవకాశం, పోయేదేమీ లేదు.

కానీ ఆ అలవాటు పరీక్షతో పోదు. ఈ పని ఎప్పటికి అవుతుందని మీటింగ్‌లో అడిగితే, తెలీదనలేక ఎవరో ఒక తేదీ చెప్పేస్తారు. ఆ తేదీ కోసం రాత్రుళ్లు మేలుకునేది మాత్రం ఇంకెవరో.

మరి ఊహించడం తప్పా? కాదు. హాట్ సీట్‌లో కూర్చున్న మనిషి పందెం కాసేది తన డబ్బుని. పైగా చాలాసార్లు ‘గెస్ చేస్తున్నా సార్’ అని అందరి ముందూ చెప్పి మరీ కాస్తాడు. అది తెగింపు. పందెం ఇంకొకరిదైనప్పుడు ఊహని తెలిసిన సంగతిలా చెప్పడమే మోసం, ఆ జవాబు కరెక్టయినా సరే.