పని యెవరిది? బాధ్యత యెవరిది?

వాహనము గల ప్రతి గృహస్థునకును కొన్ని నెలల కొకమారు ఒక చిన్న పని తప్పక యెదురగుచుండును. ఇంజనులోని పాత ఆయిలును తీసివేసి క్రొత్త ఆయిలును పోయుటయే ఆ పని. దీనిని కంపెనీ డీలరు నడుపు సర్వీసు సెంటరులో చేయించుట మేలా, ఇంటి ముంగిట తానే చేసికొనుట మేలా అను వాదము అనేక గృహములలో వినబడుచుండును. పైకి చూచినచో ఇది కొన్ని వందల రూపాయల లెక్క. లోతుగా విచారించినచో నిందులో ఒక ధర్మసందేహము ఇమిడియున్నది. తన వస్తువును తాను సంరక్షించుకొనుట మనుజునకు విధియా? ఆ పనిని ధనమిచ్చి పరులచే చేయించుకొన్నవాడు తన విధిని నెరవేర్చినవాడే యగునా?

ముందుగా ఆయిలు చేయు సేవ యెట్టిదో గ్రహింపవలెను. ఇంజను లోపల పిస్టను నిమిషమునకు కొన్ని వేల మారులు మీదికి క్రిందికి ఆడుచుండును. లోహమును లోహము ఒరసికొనినచో వేడి పుట్టును, అరుగుదల కలుగును. ఆ రెంటి నడుమ పలుచని పొరవలె నిలిచి ఒరపిడిని తగ్గించునది ఆయిలు. అదియే వేడిని మోసికొనిపోవును, మసిని లోహపు పొడిని తనలో కలుపుకొని యంత్రమును శుభ్రపరచును, తుప్పు పట్టకుండ కాపాడును. ఇట్లు చేసి చేసి తాను నల్లబడి సారము కోల్పోవును. కావుననే దానిని నియత కాలమున మార్చవలసి యున్నది. ఆయిలు పూర్తిగా ఎండిన యింజను కొద్దిసేపటిలోనే బిగిసికొనిపోవచ్చును. బైకు వేగముగా పోవుచుండగా నట్లు జరిగినచో వెనుక చక్రము నిలిచిపోయి, పైనున్నవారు రోడ్డు మీద పడుదురు. ముందు తండ్రి, వెనుక తల్లి, నడుమ బిడ్డ కూర్చుండి పోవుట మన వీధులలో నిత్యము కనబడు దృశ్యము. కావున ఈ చిన్న పనికి ప్రాణములతో ముడి యున్నది.

ఒక పట్టణమున ఇద్దరన్నదమ్ములున్నారనుకొందము. అన్న తన బైకును డీలరు వద్దకు తీసికొనిపోవును. తమ్ముడు ఆదివారమునాడు పెరటిలో గోనెపట్టా పరచుకొని స్పానరు చేతబట్టును.

"అన్నా, అరగంట పనికి పూటంతయు పోగొట్టుకొని, అడిగినంత ఇచ్చి వచ్చితివి. ఒక్క బోల్టు విప్పుట నేర్వరాదా?" అని తమ్ముడు.

"ఎవరి పని వారు చేయవలెనురా తమ్ముడూ! జ్వరము వచ్చినచో నీ మందు నీవే వ్రాసికొందువా? నా బండికేమైన నైనచో వారంటీ యున్నది. నీకేమున్నది?" అని అన్న.

ఇద్దరి మాటలలోను నిజమున్నది. ఇద్దరి నడతలోను లోపమునకు తావున్నది.

అన్న పక్షమును మొదట పరిశీలింతము. ఆ నమూనా బండికి ఏ తరగతి ఆయిలు కావలెనో, ఎంత పోయవలెనో, ఏ బోల్టును ఎంత బిగువున త్రిప్పవలెనో సర్వీసు సెంటరులో లెక్క యుండును. బండిని పైకెత్తు లిఫ్టు ఉండును. ఆయిలు మార్చునప్పుడే బ్రేకులను, గొలుసును చూచు పద్ధతి యుండును. క్రొత్త బండికి మొదటి కొన్ని సర్వీసులలో కూలి తీసికొనక, ఆయిలు మొదలగువాని ధర మాత్రమే తీసికొనుట వాడుక. వారంటీ షరతులలో సాధారణముగా నియత కాలపు సర్వీసులను చేయించియుండవలెనని యుండును. ఆ గడువులోపల డీలరు వద్దకు పోవుట వివేకమే యగును. బండిని అమ్మదలచినపుడు సర్వీసు పుస్తకములోని ముద్రలు కొనువానికి నమ్మకము కలిగించును.

అయితే తాళపుచెవి ఇచ్చి కుర్చీలో కూర్చుండి సెల్‌ఫోను చూచుచు, జాబ్ కార్డును చదువకయే సంతకము పెట్టి, బిల్లు చెల్లించి వచ్చిన అన్న, తన విధి తీరినదని తలచినచో పొరబడినట్లే. ఏ ఆయిలు పోసిరో అతడెరుగడు. ఏ భాగము నెందుకు మార్చిరో అడుగడు. ఇంజను ఆయిలు కొంత కొంతగా కాలిపోవుచుండును. ఒక సర్వీసునకును మరియొక సర్వీసునకును నడుమ మట్టము తగ్గవచ్చును. ఆ మూడు నాలుగు నెలలలో ఒక్కమారైనను డిప్‌స్టిక్కు తీసి చూడనివాని బండి దారిలో బిగిసిపోయినచో, "నేను డబ్బు చెల్లించితిని" అను మాట వెనుక కూర్చున్న బిడ్డను కాపాడదు. ధనముచేత పని చేతులు మారును గాని బాధ్యత చేతులు మారదు.

యజమాని ఎరుకకు చట్టమును కొంత తోడ్పడుచున్నది. విడిభాగములను బహిరంగ విపణిలో దొరకనీయక కొనుగోలుదారులను తమ డీలర్లకే కట్టిపడవేయుచున్నారన్న కారణమున, 2014 ఆగస్టులో భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. 2022లో కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ "మరమ్మతు హక్కు" విషయమై ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరము డిసెంబరులోనే అందుకొక పోర్టలును ప్రారంభించినది. తన వస్తువును ఎచ్చట బాగుచేయించుకొనవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ కొనినవానికి ఉండవలెననుటయే వీని సారము. కాని ఎరుక లేనివానికి ఏ హక్కును ఉపయోగపడదు.

ఇక తమ్ముని పక్షము. ఇంజను గోరువెచ్చగా నున్నపుడు బోల్టు విప్పి, కారుచున్న నల్లని ఆయిలును వెలుతురున చూచువాడు తన బండి నాడిని చూచినట్లే. అందులో లోహపు రజను మిలమిలలాడినచో లోపలనేదో అరుగుచున్నదని గ్రహించును. క్రింద కూర్చున్నపుడే వదులైన గొలుసు, అరిగిన టైరు కంటబడును. ప్రక్కన నిలిచి స్పానరు అందించు కుమార్తెయో కుమారుడో చేతిపని చిన్నతనము కాదని ఆనాడే నేర్చుకొందురు. ఈ లాభము ఏ బిల్లులోను కనబడదు.

కాని స్వయముగా చేయుట గొప్పయని తలచి సగము తెలివితో చేసినచో కీడు మిక్కిలి. గేర్లు గల బైకులలో పెక్కింటికి ఇంజనుకును, గేర్లకును, క్లచ్చికిని ఒకటే ఆయిలు. క్లచ్చి పలకలు అందులోనే మునిగి తిరుగుచుండును. ఒరపిడిని మరింత తగ్గించు మందులు కలిపిన కార్ల ఆయిలును చవుకగా దొరకినదని బైకులో పోసినచో క్లచ్చి జారవచ్చును. అందుకే బైకుల ఆయిలు డబ్బాపై "జాసో ఎం.ఎ." అను గుర్తును చూచి కొనవలెను. బలమున్నది గదాయని బోల్టును బిగించినచో అల్యూమినియము మర చెడును. వదులుగా విడిచినచో ఆయిలు దారి పొడుగునను కారిపోవును. మట్టము తక్కువైనను హాని, ఎక్కువైనను హాని. కారు విషయమున మరింత జాగ్రత్త వలయును. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రిందికి దూరుట ప్రాణముతో ఆడుకొనుటయే.

తమ్మునికి అసలు పరీక్ష పని ముగిసిన పిదప వచ్చును. చిన్న బైకు నుండి సుమారు లీటరు, చిన్న కారు నుండి సుమారు మూడు లీటర్ల పాత ఆయిలు దిగును. దానినేమి చేయుదురు? కొందరు మురుగు కాలువలో పోయుదురు. కొందరు పెరటి మూల గొయ్యిలో కుమ్మరింతురు. మరికొందరు దూలములకు చెదలు పట్టకుండ పూయుదురు, సెంట్రింగు చెక్కలకు రాయుదురు. అది నీటిపై తెట్టుగా వ్యాపించును, నేలలో ఇంకి త్వరగా కరగిపోక నిలిచియుండును. ఆ పెరటిలోనే బావియో బోరో యున్నచో ఆ కీడు తిరిగి ఇంటికే వచ్చును. వాడిన ఆయిలును 2016 నాటి నియమములు ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. 2023 సవరణను అనుసరించి, 2024 ఏప్రిలు 1 నుండి ఆయిలు తయారుచేయు సంస్థలును, దిగుమతి చేయు సంస్థలును దాని పునర్వినియోగమునకు బాధ్యత వహింపవలసి యున్నది. శుద్ధిచేసినచో పాత ఆయిలు మరల ఆయిలుగా పనికివచ్చును గావున, దానిని మూతగల డబ్బాలో పట్టి, అనుమతి పొంది సేకరించువారికి చేర్చుటతోనే ఆ పని ముగియును. తన ఇంజనును శుభ్రపరచుకొని పొరుగువాని బావిని మలినపరచినవాడు, డబ్బిచ్చి కుర్చీలో కూర్చున్నవానికంటె ఏమి అధికుడు?

ఇచ్చట కాయకమను మాట స్ఫురింపక మానదు. పండ్రెండవ శతాబ్దపు కల్యాణమున బట్టలు ఉతికిన మడివాళ మాచయ్య, చెప్పులు కుట్టిన హరళయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య తమ పనులను విడువకయే శరణులలో గౌరవమును పొందిరి. పనిలో ఎక్కువ తక్కువలు లేవని నమ్మినవాడు, మసి అంటిన మెకానిక్కును "ఒరే" అని పిలువజాలడు. పనికి పిదప బేరమాడి అతని కూలిని కోయజాలడు. తాను స్పానరు పట్టితినని గర్వింపను జాలడు.

అందరును తమ పని తామే చేసికొన్నచో వీధి చివర షెడ్డు మెకానిక్కు కుటుంబమేమి కావలెనని కొందరు శంకింతురు. ఆయిలు మార్చుట చిన్న పని. ఇంజను విప్పుట, రోగమును శబ్దముతో పోల్చుట అతని విద్య. తన బండిని ఎరిగిన యజమాని ఆ విద్య విలువను కూడ ఎరుగును, ఇవ్వవలసినది సంతోషముతో ఇచ్చును. వయసు మీరినవారు, వ్యాధిగ్రస్తులు, తీరిక లేనివారు పనిని పరులకప్పగించుటలో దోషమేమియు లేదు. వారు చేయవలసినదెల్ల తెలిసికొనుట, అడుగుట, చూచుట. పని చేయ వీలుకాని వారుందురు గాని, అడుగ వీలుకాని వారు అరుదు.

అన్న ఒక ఆదివారము తమ్ముని పెరటిలో పీట వేసికొని కూర్చుండి డిప్‌స్టిక్కు చూచుట నేర్చుకొనవలెను. తమ్ముడు పాత ఆయిలు డబ్బాను అన్న పోవు సర్వీసు సెంటరు వారిని అడిగి వారి సేకరణ పీపాలో పోసి రావలెను. ఆనాడు ఆ యిద్దరి నడుమ వాదము ఉండబోదు. వారి బండ్లపై కూర్చుండు బిడ్డలు క్షేమముగా బడికి పోయి వత్తురు.