గట్టు మార్చుకో తమ్ముడూ, గాలం మానకు

ఒరే తమ్ముడూ, నువ్వు జారిపడ్డది స్నానాలగదిలో. మానేసింది మాత్రం గాలం!

తుంటి ఎముకకి ఆపరేషనయ్యాక నువ్వు స్నానం మానెయ్యలేదు కదా. గోడకి కడ్డీ బిగించారు, కింద గరుకు పట్టా పరిచారు, కూర్చోవడానికి ఎత్తు స్టూలు వేశారు. స్నానానికి పడ్డ జాగ్రత్తే గాలానికీ పడమని చెప్పడానికే ఈ ఉత్తరం. కర్రలు అటకెక్కించిన మరదల్ని ఏమీ అనకు. ఆస్పత్రిలో నీ మంచం పక్కన కూర్చున్నది తను. ఆ భయం మాటలతో పోయేది కాదు, నువ్వు వెళ్లొచ్చే తీరు చూస్తే పోతుంది.

నీ కాళ్ల బాధ నాకు తెలీనిది కాదు. నీకంటే ముందే నా మోకాళ్లు అరిగాయి, కుడి భుజం చెవి దాకా లేవదు. అయినా గట్టు మానలేదంటే నాకేదో పెద్ద సత్తువ మిగిలుందని కాదు. ఒక్క సంగతి తిరగేసుకున్నాను, అంతే. వయసులో ఉన్నన్నాళ్లూ చేప ఎక్కడుంటే మనం అక్కడికి పోయాం. తూము గోడలెక్కాం, మొలలోతు నీళ్లలో దిగాం, తుమ్మకంపల్లో దూరాం. ఇప్పుడు నేను ఎక్కడ కూర్చోగలనో అది ముందు చూసుకుని, చేపని అక్కడికి రప్పించుకుంటున్నాను. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాటకి వివరణే.

ముందు చోటు. గట్టు చూడ్డానికి వెళ్లినప్పుడు దిగే దారి చూసి మురిసిపోకు, ఎక్కే దారి చూడు. దిగేటప్పుడు ఒళ్లు తేలిగ్గా, మనసు హుషారుగా ఉంటుంది. రెండు గంటలు కూర్చున్నాక కీళ్లు బిగుసుకుంటాయి, చేతిలో సామానుంటుంది, నెత్తిన ఎండుంటుంది. అప్పుడు ఎక్కగలిగిన గట్టే నీ గట్టు. మన డెల్టా కాలవలకి ఏటవాలు గట్లే ఎక్కువ. నాలుగు చినుకులు పడితే ఆ బంకమన్ను మీద మేక కాలు కూడా నిలవదు. పాత రేవుమెట్లు బాగున్నట్టే కనిపిస్తాయి గానీ, నీటిని ఆనుకున్న కింది మెట్లకి పాచి పట్టి ఉంటుంది. పైమెట్టు దాటి దిగకు. లాకుల దగ్గరా తూముల దగ్గరా చేపలుంటాయని నీకూ తెలుసు, సుడులుంటాయనీ తెలుసు. ఆ చోట్లు కుర్రాళ్లకి వదిలెయ్. బండి ఆగిన చోటు నుంచి ఇరవై ముప్పై అడుగుల్లో నీళ్లు, చదునైన నేల, పట్టుకోవడానికి ఓ చెట్టు మొదలు ఉంటే చాలు, చేప సంగతి తర్వాత చూద్దాం. తలెత్తి కరెంటు తీగలు కూడా చూసుకో. కాలవగట్ల వెంబడే స్తంభాలు పోతుంటాయి. కార్బన్ రాడ్డు గుండా కరెంటు పారుతుంది, తడిసిన వెదురునీ నమ్మలేం.

చేతికర్ర ఎటు పట్టుకోవాలో ఫిజియోథెరపీ వాళ్లు నీకు చెప్పే ఉంటారు, అయినా మళ్లీ చెప్తాను. ఆపరేషనైన కాలికి ఎదుటి పక్క చేతిలో పట్టుకో. మెట్టెక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు కర్రా, బాగాలేని కాలూ ముందు. గట్టు మీదికెళ్లగానే నీళ్లు చూసిన సంబరంలో నువ్వు ఇది మరిచిపోతావు, నీ సంగతి నాకు తెలీదా!

కుర్చీ దగ్గర పిసినారితనం వద్దు. బజార్లో అమ్మే చిన్న మడత స్టూళ్ల మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, లేవాలంటే ఇద్దరు పట్టాలి. తుంటి మోకాలికంటే కాస్త ఎత్తులో ఉండేలా, రెండు పక్కలా చేతులున్న కుర్చీ తీసుకో. ఆపరేషనైన తుంటిని ఎంతవరకు వంచొచ్చో మీ డాక్టర్ని అడిగి, ఆ లెక్కకి తగ్గట్టు ఎత్తు చూసుకో. ఇక వేసే పద్ధతి. మనం వంగేదీ తొంగిచూసేదీ నీటివైపే గనక, మెత్తటి నేలలో కుర్చీ ముందుకాళ్లే ముందు దిగుతాయి. కాసేపటికి కుర్చీ నీటివైపు వాలిపోతుంది. కళ్లు బెండు మీద ఉంటాయి, మనకి ఆ వాలు తెలీదు. అందుకని ముందుకాళ్లు రెండింటికీ కలిపి కింద ఒక వెడల్పాటి చెక్కపలక వెయ్యి. చేతులతో కుర్చీని గట్టిగా నొక్కి చూసి, కదలకపోతేనే కూర్చో. నీటి అంచుకి నాలుగడుగులు వెనక్కే ఉండు. ఆ దూరం కర్ర పొడుగులో కలిసిపోతుంది.

“అంత వెనక నుంచి, దూరంగా విసరకుండా, చేపలేం పడతాయన్నయ్యా” అంటావు. చేప ఎప్పుడూ అవతలి గట్టునే ఉంటుందన్నది విసిరేవాడి భ్రమ. కొర్రమీను సంగతే చూడు. అది గాలి పీల్చే చేప, పైకొచ్చి గుటకేసి పోతుంటుంది. కాపేసేది గుర్రపుడెక్క అంచునా, తూటికాడల మొదట్లోనూ, అంటే ఇవతలి గట్టుని ఆనుకునే. తెల్లవారేటప్పుడూ సందెవేళా అడుగుల అలికిడి లేకపోతే నీ ఎదురుగానే మసలుతుంది. అక్కడ ఎర్రలు గుచ్చిన గాలం నెమ్మదిగా దింపితే చాలు. అటూ ఇటూ తిరిగేవాడి కంటే కదలకుండా కూర్చున్నవాడికే అది దొరుకుతుంది. ఈ ఒక్క చోట మన కాళ్లు మనకి మేలు చేశాయి.

శీలావతి, మోసు, బొచ్చెల్ని మేతతో పిలవాలి. వేయించిన తవుడులో నానబెట్టిన వేరుశనగ చెక్క కలిపి నిమ్మకాయంత ఉండలు చెయ్యి. కూర్చోగానే రెండు మూడు ఒకే చోట వేసి, తర్వాత ఉండుండి ఒకటి వేస్తుండు. చోటు మార్చకు. ఒకరోజు ముందే మనవడి చేత నాలుగుండలు వేయించి ఉంచితే ఇంకా మంచిది. ఇదేదో ముసలివాళ్ల కిటుకని చిన్నబుచ్చుకోకు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక భాగమే ఉంది. గాలం, తాడు, ఎర, చేపలకి పెట్టే మేత, అన్నీ అందులో ఉన్నాయి. మేత పెట్టి చేపని పిలవడం రాజుగారి వినోదాల్లో చేరినప్పుడు మనకి నామోషీ ఏమిటి?

ఇక సరంజామా. పన్నెండడుగుల వెదురు నీకింక వద్దు. ఏడెనిమిది అడుగుల తేలికపాటి రాడ్డు చాలు. పిడి సన్నగా ఉంటే వేళ్లు బిగించి పట్టుకోవాలి, సాయంత్రానికి కీళ్లు వాస్తాయి. పాత సైకిల్ ట్యూబు పిడికి రెండు చుట్లు చుట్టించు, వదులుగా పట్టుకున్నా జారదు. తలమీంచి విసరకు, కిందినుంచి మెల్లగా ఊపి వదులు. అస్తమానం చేత్తో పట్టుకుని కూర్చోకు, పంగలకర్ర పాతి దానిమీద ఆనించు. మా కాలవ దగ్గరికి పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయిన పెద్దాయన ఒకాయన వస్తాడు. కుర్చీ చేతికి పీవీసీ పైపు ముక్క కట్టించుకున్నాడు. కర్ర మొదలు అందులో దిగేసి, మంచి చేత్తో రీలు తిప్పుతాడు. కర్ర కొసకి చిన్న గజ్జె కట్టాడు. చూపు బెండు దాకా ఆనకపోయినా చేప ముట్టుకుంటే గజ్జె చెబుతుంది. ఆయన్ని చూసే నేనూ ఓ గజ్జె కొన్నాను.

గాలాలు గట్టు మీద కట్టే పని పెట్టుకోకు. ఇంట్లో కిటికీ దగ్గర, కళ్లజోడు పెట్టుకుని, అరడజను గాలాలు తంగూసు ముక్కలకి కట్టి అట్టకి చుట్టి ఉంచుకో. గట్టు మీద తంగూసు చివరి కొక్కేనికి తగిలించుకుంటే సరి. గాలం కొన దగ్గరుండే ఎదురుముల్లుని పటకారుతో నొక్కెయ్. దానివల్ల చేప ఒకటీ అరా జారిపోతుంది, నిజమే. కానీ నీ వేలికి దిగితే సుళువుగా ఊడొస్తుంది. రక్తం పల్చబడే మాత్ర వేసుకునేవాడికి అది చిన్న లాభం కాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. బెండు మునిగినప్పుడు లేవకు. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, బెండు బుడుంగుమనగానే ఒళ్లు దానంతటదే లేస్తుంది. అప్పటిదాకా కదలని కాళ్ల మీద ఒక్క ఉదుటున నిలబడితే కళ్లు తిరుగుతాయి, బీపీ మాత్రలు వేసుకునే మనలాంటివాళ్లకి మరీను. ఎదురుగా నీళ్లు, చేతిలో గుంజుతున్న కర్ర. పడడానికి ఇంకేం కావాలి? కూర్చునే మణికట్టుతో చిన్న గుంజు గుంజు, కూర్చునే చుట్టు. పెద్దదైతే తంగూసు వదిలి అలిసేదాకా ఆడించు. పొడుగు పిడి ఉన్న చేతివల పక్కన పెట్టుకో, నీకు అందకపోతే వెంట వచ్చినవాడు ఎత్తుతాడు. తెంపుకుపోయిందా, పోనీ. చేప పోతే ఇంకో చేప వస్తుంది, తుంటి పోతే ఏమవుతుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంటికి బయల్దేరేటప్పుడూ గభాల్న లేవకు. పాదాలు కాసేపు పైకీ కిందికీ ఆడించి, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, నిలబడి, ఒక నిమిషం ఆగి అప్పుడు అడుగెయ్.

జెల్ల పడితే పాత ఒడుపు చూపించబోకు. దానికి వీపు మీదొక ముల్లు, పక్క రెక్కలకి చెరొకటి. వేళ్లలో పట్టు తగ్గాక మూడూ మనకే గుచ్చుకుంటాయి. తడి గోనెగుడ్డ వేసి అదిమి, పటకారుతో గాలం తియ్యి. ఇంగిలాయి అయితే ముట్టుకోనే వద్దు, తంగూసు కోసి వదిలెయ్. ఒకవేళ గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ఉంచితే పోటు తగ్గుతుంది. వేడి ఎంతుందో మరదలు చూసి చెప్పాలి, నువ్వు కాదు. నీకు షుగరుంది. ఆ తర్వాత డాక్టరుకి చూపించు. పాదాల్లో స్పర్శ తగ్గినవాడికి గాజుపెంకు దిగినా తెలీదు గనక ఉత్తకాళ్లతో గట్టెక్కకు. హవాయి చెప్పులు అసలే వద్దు, మడమ పట్టి ఉంచే బూట్లు వేసుకో. కాలికో చేతికో పుండు ఉంటే మానేదాకా నీళ్ల జోలికి పోకు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ గాయాల గుండా ఒంట్లోకి చేరుతుంది. వరిపొలాల మధ్య కాలవలకి ఎలుకల కొరత ఎప్పుడుంది? ఇంటికొచ్చాక పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, మరదలికి చూపించు. ఆవిడకి సగం ధైర్యం అక్కడే వస్తుంది.

ఒంటరిగా మాత్రం వెళ్లకు. ఫోను నడుముకి కట్టుకునే సంచీలో ఉండాలి, కుర్చీ పక్కన గడ్డిలో కాదు. వీధిలో కుర్రాడెవడైనా సామాను మోస్తానంటే మొయ్యనియ్యి, “నేను మోసుకోగలను” అని బింకానికి పోకు. బదులుగా వాడికి గాలం ముడి నేర్పు, ఎర్రలు ఏ మట్టిలో దొరుకుతాయో చూపించు. నీటిమీద బుడగలు చూసి కింద ఏముందో ఊహించడం నీ దగ్గర కాక ఇంకెక్కడ నేర్చుకుంటాడు? చెరువైతే మత్స్యకారుల సొసైటీ వాళ్లనో పాడుకున్నవాళ్లనో అడిగి కూర్చో. ముసలాయన అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

కాలం కూడా చూసుకోవాలి. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయింది మొదలు మన కాలవల్లో నీళ్ల రాకపోకలన్నీ అక్కడినుంచే. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేసినప్పుడు చేపలన్నీ మడుగుల్లోకి చేరతాయి, కుర్రకారు బురదలో దిగి పండగ చేసుకుంటారు. ఆ బురద మనది కాదు. ఆ నెలల్లో గాలాలు కట్టుకో, తుంటికి చెప్పిన వ్యాయామాలు చేసుకో. ఎర్రనీళ్లొచ్చి గోదావరి పొంగే రోజుల్లో ఏటిగట్టు వైపు చూడకు. పులస ఎలాగూ వలవాళ్ల వ్యవహారం. దసరా వెళ్లి వానలు వెనకపట్టాక గట్లు ఆరతాయి, ఎండ మెత్తబడుతుంది. అప్పటి నుంచి శివరాత్రి దాకా మనవి. చలికి చేప కాస్త మందంగా ముడుతుంది. నీకు మాత్రం తొందరేముంది?

అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు నాలుగు గోడల మధ్య కూర్చుని టీవీ చూడకు. అక్కడ గాలం వెయ్యాలంటే లైసెన్సు కావాలి, రాష్ట్రానికో నియమం ఉంటుంది, అల్లుడి చేత తీయించు. దివ్యాంగుల కోసం 2010లో వచ్చిన అక్కడి ప్రమాణాల్లో చేపలు పట్టే వేదికల మాట కూడా ఉంది. రెయిలింగులు ఉంటే వాటిలో కనీసం నాలుగోవంతు 34 అంగుళాల ఎత్తు దాటకూడదు. చక్రాల కుర్చీలో ఉన్నవాడు కూడా అక్కడ గాలం వెయ్యగలగాలి గనక. కూర్చుని పట్టేవాడూ వేటగాడేనని రాతకోతల్లోనే ఒప్పుకున్నారన్నమాట. మన గట్ల మీద ఆ ఏర్పాట్లు లేవు. మన పలక, మన పైపు ముక్క మనమే తెచ్చుకోవాలి.

ఇంత చెప్పానని రేపే కర్రలు దింపించకు. వచ్చే ఆదివారం గాలం లేకుండా గట్టుకి వెళ్లు. మరదల్నీ తీసుకెళ్లు. పలక వేసి కుర్చీ వేసుకో, గంట కూర్చో, లేచి బండి దాకా నడిచి రా. మర్నాడు పొద్దున్న తుంటి ఏమంటుందో చూడు. సలిపితే ఇంకా దగ్గరి చోటు వెతుకు, అప్పటికీ సలిపితే గంటని అరగంట చెయ్యి. ఈ రెండూ చేసి చూడకుండా “నావల్ల కాదు” అన్నావో, నేను ఒప్పుకోను. ఆ పరీక్ష గట్టెక్కావా, ఆపై ఆదివారానికి ఎర్రలు తవ్వించే పూచీ నాది. మొదటి కొర్రమీను మాత్రం మా ఇంటికే రావాలి. మీ వదిన అప్పుడే చింతపండు తీసి పెట్టింది.

మీ అన్నయ్య