ఉద్దానం పిల్లలకు ఏం చెబుతాం?

యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ప్రభుత్వ హైస్కూళ్లకు వెళ్లి పిల్లలతో కలిసి సైన్సు చేయాలంటే ఎవరూ కాదనరు. వెళ్లినాయన అక్కడ ఏం చెబుతాడన్నదే నా సందేహం.

శ్రీకాకుళంలో మొదటి రోజు సులువుగానే గడుస్తుంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008 నుంచీ ఉంది. అరసవల్లి సూర్యుడి గుడి పక్కనే. మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ పొద్దుటి కిరణాలు సూర్యనారాయణమూర్తి పాదాలను తాకుతాయని జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు? బడి ఆవరణలో కర్ర పాతి, వారానికోసారి పొద్దు పొడిచేవేళ నీడ ఎటు పడిందో సున్నంతో గీస్తే తెలుస్తుంది. సూర్యుడు పొడిచే చోటు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ, ఒకే చోటికి రెండుసార్లు వస్తుంది. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే మార్చి 20కి ఓ పది రోజుల ముందు, సెప్టెంబరు 23కి ఓ పది రోజుల తర్వాత ఆ చోటు దాదాపు ఒకటే. దీనివల్ల భక్తికి లోటొస్తుందా? రాదనే నా నమ్మకం. దండం పెట్టిన చేతులతోనే కర్రా పాతొచ్చు.

కానీ అక్కడ జవాబు మాస్టారికి ముందే తెలుసు. ఇదే జిల్లాలోని ఉద్దానంలో అలా కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడితోటల నడుమ కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇళ్లను కూల్చేస్తోంది. నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, వంశం అన్నారు. ఏదీ తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. కారణం మాత్రం ఇంకా దొరకలేదు.

అక్కడి పదో తరగతి పిల్ల నెఫ్రాన్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుంటుంది. ఆమె తాత డయాలసిస్‌కు వెళ్తుంటాడు. "మరి మా తాతకెందుకొచ్చింది మాస్టారూ?" అని ఆ పిల్ల అడిగితే, వచ్చిన ప్రొఫెసరు "మాకూ తెలియదమ్మా" అనగలడా? అనడం క్రూరత్వమా, గౌరవమా? ఇంట్లో మంచాన ఉన్న మనిషిని తరగతిలో సమస్యగా పెట్టే హక్కు మనకుందా? ఈ చివరి ప్రశ్నకు నా దగ్గర సూటి సమాధానం లేదు. పిల్ల తనే అడిగినప్పుడు మాత్రం తప్పించుకోవడం నేరమే.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 16 బడులతో, శాస్త్రవేత్తలు బడికి వెళ్లే ఇలాంటి పనే మొదలైంది. ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పల్లె పిల్లల పక్కన కూర్చున్నారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చన్నారు. వందల బడులకు పాకిన ఆ కార్యక్రమాన్ని ప్రభుత్వమే 2002లో ఆపేసింది. జవాబులు బట్టీ పెట్టించే ఏర్పాటుకు ప్రశ్నలడిగే పిల్లలు గిట్టరు.

అన్నట్టు, మన నేలమీద బడికీ పరిశోధనకూ మధ్య గోడ ఎప్పుడూ ఇంత ఎత్తున లేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడి పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చి, సవర పిల్లలకు పుస్తకాలు రాశారు, ముఖలింగం శాసనాలు చదివారు.

ఉద్దానం వాళ్లు ఇప్పటికే పరీక్షలకు రక్తమిచ్చారు, బోరునీళ్లిచ్చారు. అయ్యా ప్రొఫెసర్లూ, రేపు పిల్లలచేత సీసాల్లో నీళ్లు పట్టించి ల్యాబుకు తీసుకెళ్తే, ఫలితం పట్టుకుని అదే తరగతికి తిరిగి రండి. ఏమీ తేలకపోతే ఆ మాటే చెప్పడానికైనా రండి.