బంతి వదిలిన నోరు

మా నల్లోడు వీధిలో పుట్టినవాడు. ఓ వానరాత్రి గేటు సందులోంచి దూరి వచ్చి నీళ్ల మోటారు పక్కన ముడుచుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి మా ఇంటివాడైపోయాడు. విసిరిన బంతి తెచ్చివ్వడం వాడికి నేర్పాల్సిందేనని మా మనవడు పట్టుబట్టాడు. నాలుగు రోజుల పని అనుకున్నాను. రెండు నెలలు పట్టింది.

పరుగెత్తడం నేర్పనక్కర్లేదు. కదిలేదాని వెంటపడటం, నోట కరుచుకోవడం కుక్కకు పుట్టుకతో వచ్చిన వేటగుణం. దొరికినదాన్ని నలగకుండా తెచ్చి యజమాని చేతిలో పెట్టడం మాత్రం వేరు. లాబ్రడార్ లాంటి జాతుల్లో మనుషులు ఆ గుణాన్ని తరతరాలుగా ఎంచి పెంచారు. వాటి పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో జాలర్లకు వలలు లాగి, జారిపోయిన చేపలు పట్టి తెచ్చేవి. నల్లోడికి ఆ వారసత్వం లేదు. నోటికి అందింది వదిలితే ఇక దక్కదన్నదొక్కటే వీధి వాడికి నేర్పింది. బంతి దొరకగానే తులసికోట వెనక్కి పోయి, దాని మీద కాలేసుకుని పడుకునేవాడు.

మొదట్లో నేను నోట్లో చెయ్యి పెట్టి లాగేవాణ్ణి. లాగినకొద్దీ దవడ బిగిసేది. వెంటపడితే పెరడంతా తిప్పేవాడు, వాడికి అదే ఆటయిపోయింది. చివరికి టీకా వేయడానికి వచ్చిన పశువైద్యుడు చూసి, "లాక్కోకండి మాస్టారూ, మార్చుకోండి" అన్నాడు.

ఒకేలాంటి రెండు బంతులు కొన్నాం. గొంతులోకి జారిపోనంత పెద్దవి. కర్రపుల్లలు వద్దన్నాడాయన, విరిగి నోట్లో గుచ్చుకుంటాయట. పారిపోవడానికి చోటులేని వరండాలో, ఎండ ఎక్కకముందు, రోజూ ఐదు నిమిషాలు. వాడు ఒక బంతితో వస్తే నేను రెండోది చూపించేవాణ్ణి. నోట్లోది జారిన క్షణంలోనే "వదులు" అని, చేతిలోది విసిరేవాణ్ణి. ఒక్కోసారి ఉడికించిన కోడిముక్క పెట్టేవాణ్ణి. వాడికి ఇంకా ఆడాలని ఉండగానే ఆట ఆపేసేవాళ్లం. ఓ ఉదయం నేను రెండో బంతి తీసుకెళ్లడం మరిచాను. నల్లోడు తనంతట తనే బంతి నా పాదాల దగ్గర పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, నా చేతికేసి చూస్తూ నిలబడ్డాడు.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం త్యాగాన్నీ అనుభవాన్నీ కలిపి ముడివేస్తుంది. వదిలేశాక అనుభవించడానికి ఏముంటుందన్న సందేహం ఎన్నేళ్లు పారాయణ చేసినా నన్ను విడవలేదు. నల్లోడి ముందు నిలబడినప్పుడు అది కొంత తీరింది. బంతి పళ్ల మధ్య ఉన్నంతసేపూ అది వాడిదే, కానీ ఆట లేదు. అయితే ఆ సంగతి నేను చెబితే వాడు వదల్లేదు. ఈ చెయ్యి మోసం చెయ్యదని అరవై రోజులు చూసి, నమ్మి వదిలాడు.

అది తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది. నిరుడు మా బంధువు ఒకావిడకు భర్త పోయాడు. ఆయన కళ్లజోడు ఆమె చేతిలోంచి దించేది కాదు. పరామర్శకు వెళ్లిన నలుగురం చుట్టూ కూర్చుని శరీరం అనిత్యమనీ, మమకారం తెంచుకోవాలనీ చెప్పాం. అందరికంటే ఎక్కువ నేనే చెప్పాను. శ్లోకాలు కూడా చదివాను. ఆమె ఏమీ అనలేదు. కళ్లజోడు మీద వేళ్లు ఇంకాస్త బిగిశాయి.

మహాభారతంలో 17వదైన మహాప్రస్థానిక పర్వం గుర్తొస్తుంది. ధర్మరాజు రాజ్యం వదిలేశాడు. దారిలో ద్రౌపది, తమ్ముళ్లు ఒక్కొక్కరే కూలిపోయినా ముందుకే నడిచాడు. వదలడం అంతగా వచ్చిన మనిషి, రథం తెచ్చిన ఇంద్రుడు కుక్కను విడిచి ఎక్కమంటే ససేమిరా అన్నాడు. తనను నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడవనన్నాడు. అది ధర్మదేవత అని ఆయనకప్పటికి తెలియదు. వట్టి కుక్క అనుకునే స్వర్గం వద్దన్నాడు. ఆ ఘట్టాన్ని ధర్మరాజు దయకు ఉదాహరణగా పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆయన వైరాగ్యం కూడా అక్కడే ఉందని ఇప్పుడు తోస్తోంది. నమ్మినవాళ్లను తోసేసి నడవడం ఆయన వైరాగ్యం అనుకోలేదు.

పోయిన నెల ఆమె ఇంటికి మళ్లీ వెళ్లాను. ఈసారి వదులుకోమని అనలేదు. ఆ కళ్లజోడు పెట్టుకుని బావగారు ఏం చదివేవారో చెప్పమ్మా అన్నాను. పంచాంగం నుంచి మొదలుపెట్టి భోజనాల వేళ దాకా చెబుతూనే ఉంది. ఒక కాడ విరిగితే దారం చుట్టుకున్నారట, కొత్తది కొననివ్వలేదట. ఇదిగో చూడండి అన్నయ్యా అంటూ నా చేతికిచ్చింది. ఆ దారాన్ని తడిమి చూసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాను.