భయభక్తుల్లో భయం పాలు ఎంత?

ప్రహ్లాదుడి మీద చేసిన వీడియోలో టైమ్ సరిపోక ఒక విషయం వదిలేశాను. అది ఇక్కడ రాస్తున్నా.

హిరణ్యకశిపుడి వధ అయిపోయింది. నరసింహస్వామి కోపం మాత్రం చల్లారలేదు. బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు, అందరూ దూరం నుంచే స్తోత్రాలు చేశారు. దగ్గరికి ఒక్కరూ పోలేదు. లక్ష్మీదేవిని పంపితే, అలాంటి రూపం ఎప్పుడూ చూడని ఆవిడ కూడా జంకింది. అప్పుడు బ్రహ్మ ప్రహ్లాదుణ్ని పంపాడు. పిల్లాడు మెల్లగా నడుచుకుంటూ వెళ్లి కాళ్ల మీద పడ్డాడు. స్వామి లేపి తల మీద చెయ్యి పెట్టాడు. భాగవతం ఏడో స్కంధంలో ఉంది ఇదంతా. తర్వాత చేసిన స్తుతిలో ప్రహ్లాదుడు అంటాడు: ఈ కోరలు, ఈ గోళ్లు, ఈ గర్జన చూసి నాకు భయం లేదు, నా భయమల్లా ఈ సంసారం గురించే అని. అంటే భయం తెలియని పిల్లాడేమీ కాదు. దాన్ని దేవుడి ఖాతాలో వేయలేదంతే.

మరి మనం? నేను ఉస్మానియా క్యాంపస్‌లో నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివాను, ఇప్పటికీ తార్నాకలోనే ఉంటున్నా. సెమిస్టర్ పరీక్షలప్పుడు హాస్టల్‌లో వినిపించే మాటలు కొన్ని ఉండేవి. "శనివారం గుడికి పోలేదురా, అందుకే మ్యాథ్స్ పోయింది." "దీపం మధ్యలో ఆరిపోయింది, ఏమవుతుందో ఏమో." పదకొండు మందికి పంపకపోతే కీడు జరుగుతుందనే వాట్సాప్ మెసేజ్‌ని నమ్మనివాళ్లు కూడా పంపేసేవాళ్లు. ఎందుకైనా మంచిదని. ఈ "ఎందుకైనా మంచిది" మన తరానికి మూలమంత్రం అయిపోయిందేమో అనిపిస్తుంది నాకు.

నా రూమ్మేట్ క్రైస్తవుడు. వాడిదీ సేమ్ బగ్. ఆదివారం తార్నాకలో ఆరాధనకు వెళ్లకపోతే సోమవారం పేపర్ మీద దిగులు. చిన్నప్పుడు నరకం గురించి విన్న ప్రసంగాలు వాణ్ని రాత్రిళ్లు కూడా వదిలేవి కావు. చివరికి వాణ్ని మార్చినవి వాళ్ల నానమ్మ పాటలు. ఆవిడ పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకసారి హాస్టల్‌కి తెచ్చుకున్నాడు. తెరిచి చూస్తే పాటల పైన రాగం, తాళం! వాటిలో చాలా పాటలు పురుషోత్తమ చౌదరివి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం తీసుకుని, 1890 దాకా జీవించిన కవి ఆయన. మతం మారాడు గానీ పల్లవి, చరణాల పద్ధతిని వదల్లేదు. మా వాడు ఆ పాటలు పట్టుకున్నాక ఒకరోజు అన్నాడు: "శిక్ష తప్పించుకోవడానికి వెళ్లినప్పుడు గడియారం చూస్తూ కూర్చునేవాణ్నిరా. పాడటానికి వెళ్తుంటే టైమే తెలియట్లేదు." ప్రేమ నిండితే భయం బయటికి పోతుందనే మాట వాళ్ల గ్రంథంలోనే, యోహాను మొదటి పత్రికలో ఉందని కూడా వాడే చూపించాడు.

వాడి దారి వాడిది, నా దారి నాది. కానీ వాళ్ల తెలుగు బైబిల్లోనూ, మన తాతల నోటా వినిపించే మాట ఒకటే: భయభక్తులు. ఇందులో భయం అంటే ఏంటి? గర్భగుడి ముందు గొంతు తగ్గించి మాట్లాడతాం. చంటిపిల్లను ఎత్తుకున్నప్పుడు మెట్లు చూసుకుని దిగుతాం. ఎవరో కొడతారనా? ఆ జాగ్రత్తకి, ఆ అణకువకి పెద్దలు భయం అని పేరు పెట్టారు. అది ఉండాల్సిందే. స్వామి నా తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు అనుకునే భయం పూర్తిగా వేరు.

మరి సత్యనారాయణ వ్రత కథ సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. సాధువనే వర్తకుడు పిల్ల పుడితే వ్రతం చేస్తానన్నాడు, పుట్టాక పెళ్లప్పుడు చేస్తానన్నాడు, పెళ్లయ్యాకా చేయలేదు. చెరసాల పాలయ్యాడు. బయటపడ్డాక పడవ నిండా ధనం పెట్టుకుని, ఆకులూ అలములూ అని సన్యాసితో అబద్ధం చెప్పాడు. సత్యం పేరు పెట్టుకున్న దేవుడి కథ కదా, మాట తప్పడం దగ్గరా అబద్ధం దగ్గరా పట్టుకుంటుంది. కళావతి ఘట్టం మాత్రం కష్టమే. పాపం, మొగుణ్ని చూడాలనే ఆత్రంలో ప్రసాదం వదిలేసి పరుగెత్తింది, పడవ మునిగిపోయింది. అయితే ఆమె వెనక్కి వెళ్లి ప్రసాదం తినగానే భర్త తిరిగొచ్చాడు. మనం పడవ మునిగే చోట గొంతు పెంచుతాం, తిరిగొచ్చే చోట గబగబా చదివేస్తాం (ప్రసాదం టైమ్ అయింది కదా!). పిల్లల మనసులో మునిగిన పడవ మాత్రమే మిగిలిపోతుంది.

భయంతో వచ్చినవాణ్ని కూడా మన సంప్రదాయం వెళ్లగొట్టదు. అదే ఏడో స్కంధం మొదట్లో నారదుడు ధర్మరాజుకి చెబుతాడు, కంసుడు భయంతో తలచి తలచే కృష్ణుణ్ని చేరాడని. కాబట్టి బ్యాక్‌లాగ్ భయంతో ప్రదక్షిణలు చేసేవాణ్ని చూసి నవ్వొద్దు. కానీ ఒక్కటి ఆలోచించండి. కంసుడు తింటున్నా, పడుకున్నా కృష్ణుడు కనిపించి వణికిపోయాడు. అదే కృష్ణుణ్ని కట్టేయడానికి యశోద తాడు వెతుక్కుంది!

తైత్తిరీయోపనిషత్తు, బ్రహ్మానందవల్లిలో ఎనిమిదో అనువాకం కూడా భయంతోనే మొదలవుతుంది: ఆయన భయం వల్లే గాలి వీస్తోంది, సూర్యుడు ఉదయిస్తున్నాడు అని. ఆ వెంటనే ఆనందం లెక్కలోకి వెళ్తుంది. ఆ లెక్కకి యూనిట్ ఏంటో తెలుసా? ఒక యువకుడు. మంచివాడు, చదువుకున్నవాడు, బలమైనవాడు, భూమ్మీద సంపదంతా అతనిదే. అతని ఆనందం ఒకటి. దాన్ని వందతో గుణిస్తూ 10 మెట్లు ఎక్కితే బ్రహ్మ ఆనందం, అంటే ఒకటి పక్కన 20 సున్నాలు. కోరిక దెబ్బ తగలని వేదవేత్తకి ఆ ఆనందం ఉందని మెట్టు మెట్టుకీ చెబుతుంది. తొమ్మిదో అనువాకానికి వచ్చేసరికి, అది తెలిసినవాడు దేనికీ భయపడడు, మంచి ఎందుకు చేయలేదు, పాపం ఎందుకు చేశాను అనే తపన అతన్ని కాల్చదు అంటుంది.

ఈ వారం పూజలో ఒక్కరోజు ఏమీ అడక్కండి. ప్రదక్షిణలు, జపాలు లెక్కపెట్టకండి. మీకు వచ్చిన కీర్తన ఒకటి మొదటి నుంచి చివరిదాకా పాడండి, శ్రుతి తప్పినా పర్లేదు. హాస్టల్‌లో ఉంటే మాత్రం రూమ్మేట్ లేచాకే మొదలుపెట్టండి. ఆనందం లెక్కలో ఆ 10 మెట్లూ ఎవరెవరివో వచ్చే వీడియోలో చూద్దాం. వీలైతే ఆ ఎనిమిదో అనువాకం ఒకసారి చదివి రండి.